పేరు తెలిసిన విషం

మేముండే వీధి చివర చిన్న పచ్చిక మైదానం ఉంది. అందులో పిల్లల ఉయ్యాలకు కాస్త ఎడంగా, వేలాడే పసుపు గుత్తులు పూసే రెండు లాబర్నం చెట్లు ఉండేవి. వాటిని ఉంచాలా తీసేయాలా అని పోయిన శీతకాలంలో వీధివాసులంతా ఒక సాయంత్రం సమావేశమయ్యారు. తీసేయాలని తేలింది. ఫిబ్రవరిలో రంపాలు వచ్చి అరపూటలో పని ముగించి వెళ్లాయి. నేను ఉంచాలన్న పక్షాన ఉన్నాను. మా పక్షాన లేచిన చేతులు తక్కువ. అయితే ఆ సాయంత్రం నన్ను ఇబ్బంది పెట్టినది ఓటమి కన్నా చర్చ సాగిన తీరు. తీసేయాలన్నవారు "అది విషం" అన్న మాట దగ్గర ఆగిపోయారు. ఉంచాలన్నవారు "ఎంత అందంగా పూస్తుందో" అన్న మాట దగ్గర ఆగిపోయారు. విషం ఎంత, ఎవరికి, ఏ నెలల్లో, చుట్టూ ఉన్న మిగతా మొక్కల పక్కన పెట్టి చూస్తే ఏపాటిది అన్న ప్రశ్నలు ఎవరి నోటా రాలేదు. అందం సంగతీ అంతే. ఏడాదిలో రెండు మూడు వారాలు పూసి ఊరుకునే చెట్టు, మిగతా రోజులన్నీ ఏం చూసుకుని అక్కడ నిలబడాలని ఎవరూ అడగలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంగ్లండులో మా చుట్టుపక్కల ఇళ్ల ముందు తోటల్లోంచి లాబర్నం ఒక్కొక్కటిగా మాయమవుతున్నది, దాని విషం సంగతి అందరికీ తెలిసి ఉండటం వల్ల. అంతకన్నా ప్రమాదకరమైన మొక్కలు అవే తోటల్లో, అవే ఎత్తుల్లో, ఎవరి కంటా పడకుండా హాయిగా బతుకుతున్నాయి. పేరు తెలిసినదాన్ని నరికేసి, పేరు తెలియని వాటి మధ్య పిల్లలను వదిలి నిశ్చింతగా ఉండటాన్ని జాగ్రత్త అనడానికి నాకు మనసొప్పడం లేదు.

చెట్టు దగ్గరికి వెళ్లి చూస్తే

మా అత్తగారు ఒకసారి మే నెలాఖరులో మా దగ్గరికి వచ్చారు. కారులో ఇంటికి వస్తుంటే అద్దంలోంచి చూసి, "ఇదేమిటమ్మా, ఇక్కడ కూడా రేల పూస్తుందా?" అని అడిగారు. పసుపు పూల గుత్తులు కొమ్మ కొమ్మకూ వేలాడుతుంటే దూరం నుంచి ఎవరైనా అలాగే అనుకుంటారు. మర్నాడు పొద్దున్నే ఆమెను మైదానంలోని చెట్టు కిందికి తీసుకెళ్లాను. దగ్గరికి వెళ్లాక తేడా ఆమే పట్టేశారు. రేల పువ్వులో అయిదు రెక్కలూ విడివిడిగా విచ్చుకుని, పొడుగాటి కేసరాలు వంపు తిరిగి బయటికి కనబడతాయి. ఈ పువ్వు జనుము పువ్వుకు దగ్గరి చుట్టం. వెనక ఒక పెద్ద రెక్క నిలబడి ఉంటుంది, పక్కన రెండు, అడుగున రెండు రెక్కలు అంచులు కలుపుకుని కేసరాలను లోపల దాచుకుంటాయి. రేల ఆకు రాల్చుకున్నాక పూస్తుంది. లాబర్నం పచ్చటి లేత ఆకుల మధ్యనే పూస్తుంది, ఆకులు మూడేసి చొప్పున ఉంటాయి.

గుత్తి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని చూస్తే పువ్వులన్నీ ఒకేసారి విచ్చుకోవని తెలుస్తుంది. కొమ్మకు దగ్గరగా ఉన్నవి ముందు విచ్చుకుంటాయి. కింది కొసన ఉన్న మొగ్గలు అప్పటికింకా ఆకుపచ్చగా, గింజలంత గట్టిగా ఉంటాయి. నిలబడిన పెద్ద రెక్క మీద, మొదలు దగ్గర, సన్నటి గోధుమరంగు గీతలు ఉంటాయి. బంబుల్ తేనెటీగ ఆ గీతల దగ్గరే వచ్చి వాలింది. దాని బరువుకు అడుగు రెక్కలు కిందికి దిగి లోపలి కేసరాలు బయటికి వచ్చి దాని పొట్టకు పుప్పొడి రాశాయి. ఈగ ఎగిరిపోగానే రెక్కలు మళ్లీ యథాస్థానానికి వచ్చాయి. అత్తగారు ఆ ఒక్క గుత్తి దగ్గరే చాలాసేపు నిలబడ్డారు.

చెట్టు విషపు చెట్టని, కాయలు నోట్లో పెట్టుకోకూడదని నేను చెప్పినప్పుడు ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "గన్నేరు లేని పెరడుందా మనకి? పచ్చగన్నేరు కాయ ముట్టుకుంటే చేతి మీద ఒక్కటి వేసేదాన్ని మీ ఆయన్ని. చెట్టు మాత్రం ఎందుకు కొట్టేస్తాం, రోజూ పూజకు పువ్వులు కావాలి కదా" అన్నారు. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండె మీద దెబ్బకొట్టే విషాలు. తీవ్రతలో లాబర్నం వాటి దరిదాపులకు రాదు. ఆమె మాటను సాక్ష్యంగా తెచ్చి మన పెద్దవాళ్లు చేసినదంతా సబబేనని వాదించడం నా ఉద్దేశం కాదు. గన్నేరు వల్ల మన దగ్గర పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. కానీ ఆ మాటలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో విషపు మొక్క ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఏ భాగం ముట్టుకోకూడదో తెలుసు, పిల్లలకు ఎప్పుడు చెప్పాలో తెలుసు. మా వీధి సమావేశంలో లేనిది ఆ పద్ధతే.

విషం ఏపాటిది

లాబర్నంలోని విషం పేరు సిటిసిన్. వేరు, బెరడు, ఆకు, పువ్వు అన్నింటిలోనూ ఉంటుంది, గింజల్లో ఎక్కువ. శరీరంలో నికోటిన్ ఏ గ్రాహకాల మీద పనిచేస్తుందో ఇదీ వాటి మీదే పనిచేస్తుంది. కాబట్టి తిన్నవారికి కనిపించే లక్షణాలు కూడా నికోటిన్ ఎక్కువైనవారి లక్షణాలను పోలి ఉంటాయి: నోరు మండటం, వికారం, వాంతులు, మగత, గుండె వేగంగా కొట్టుకోవడం. మోతాదు బాగా పెరిగితే మూర్ఛలు, ఊపిరి మందగించడం. ఇది చిన్న విషయమని ఎవరూ అనలేరు. పిల్లలెవరైనా గింజలు మింగారని తెలిస్తే ఇంట్లో కూర్చుని చూద్దామనుకోకుండా వెంటనే వైద్య సలహా తీసుకోవలసిందే.

అయితే ఈ విషానికి ఒక గుణం ఉంది. ఇది ముందుగా వాంతి తెప్పిస్తుంది. ఒకటి రెండు గింజలు మింగిన పిల్లల విషయంలో చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. 1979లో లాన్సెట్ వైద్యపత్రికలో ఈ విషయం మీదే ఒక వ్యాసం వచ్చింది. లాబర్నం తిన్నారన్న అనుమానంతో ఏటా వేల సంఖ్యలో పిల్లలను ఆస్పత్రుల్లో చేర్చుకుంటున్నారు, మరణాలు మాత్రం కనబడటం లేదు, ఇంత హడావుడి అవసరమా అన్నది అందులోని ప్రశ్న. వైద్య సాహిత్యంలో లాబర్నం వల్ల మరణాలు నమోదు కాకపోలేదు. కానీ అవి చాలా అరుదు, పెద్దమొత్తంలో తిన్న సందర్భాలు. బ్రిటన్‌లో ఒక తరం తల్లిదండ్రుల మనసులో నాటుకుపోయిన భయానికీ, ఈ వివరాలకూ పొంతన కుదరదు.

ఇంకో విషయం. ఇదే సిటిసిన్‌ను బల్గేరియాలో 1964 నుంచి పొగ మానిపించే మందుగా అమ్ముతున్నారు. టాబెక్స్ అని దాని పేరు. తూర్పు ఐరోపా దేశాల్లో దశాబ్దాల పాటు వాడినా పశ్చిమ దేశాలు పట్టించుకోలేదు. న్యూజిలాండులో 1,310 మంది మీద జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో నికోటిన్ బిళ్లలు, పట్టీల కన్నా ఇది మెరుగ్గా పనిచేసిందని తేలింది. పొగ మానిపించే వరెనిక్లిన్ అనే ఖరీదైన మందును తయారుచేసినవారు కూడా సిటిసిన్ అణువును చూసే మొదలుపెట్టారు. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో కూడా సిటిసిన్ బిళ్లలు వైద్యుల చీటీ మీద దొరుకుతున్నాయి. ఇది చెప్పి చెట్టును మందుమొక్కగా కీర్తించే పని నేను పెట్టుకోను. గింజలో ఎంత సిటిసిన్ ఉందో నాలుకకు తెలియదు. బిళ్లలో అది కొలిచి పెట్టినది. కానీ "విషం" అన్న మాటకు మోతాదు చెప్పకపోతే అర్థం సగమే అన్నది ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. మా సమావేశంలో తీసేయాలని గట్టిగా మాట్లాడిన పెద్దమనిషి, ఆ వేసవిలోనే పొగ మానడానికి ఇవే బిళ్లలు వేసుకున్నారని తరువాత ఆయనే నవ్వుతూ చెప్పారు. నేను కూడా నవ్వాను. ఆయన అభిప్రాయం మారలేదు.

ఎదుటి పక్షం బలం

తీసేయాలన్నవారిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది మూడిళ్ల అవతల ఉండే ఒక అమ్మాయి. ఆమెకు రెండేళ్ల కూతురు. వాళ్ల ఇంటి ముందున్న లాబర్నాన్ని ఆమె అంతకు ముందు ఏడాదే కొట్టించింది. సమావేశం తరువాత ఒక ఆదివారం వాళ్ల ఇంటికి టీకి వెళ్లినప్పుడు ఇద్దరం తోటంతా తిరిగాం. వంటింటి కిటికీ కింద నీడలో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుబురుగా పెరిగి ఉంది. గోడవారన ఫాక్స్‌గ్లవ్ పూల మొక్కలు. పక్కింటి వారికీ వీరికీ మధ్య కత్తిరించిన యూ కంచె. మొదటి రెండూ గుండెను పట్టే విషాలు. యూ చెట్టులో గింజ చుట్టూ ఉండే ఎర్రటి కండ తప్ప అంతా విషమే, లోపలి గింజతో సహా. ఇంగ్లండులో పాత చర్చి ఆవరణల్లో యూ చెట్టు కనబడటం మామూలు. వాటి నీడలో పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. మొక్కలను నేను ఒక్కొక్కటిగా చూపిస్తుంటే ఆమె ముఖంలో మొదట నమ్మకం లేదు, తరువాత కొంచెం కోపం వచ్చింది. కోపం నా మీద కాదనుకుంటాను.

ఆమె ఇచ్చిన జవాబు మాత్రం తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. "ఇవన్నీ విషమే కావచ్చు. కానీ మా పాప ఫాక్స్‌గ్లవ్ ఆకు నమిలి మింగదు, చేదుకు ఉమ్మేస్తుంది. లాబర్నం కాయ బఠాణీ కాయలా ఉంటుంది. నేనే దానికి బఠాణీలు ఒలిచి నోట్లో పెట్టాను. అదే పని అది చెట్టు కింద చేస్తే తప్పెవరిది?" అని అడిగింది. నిజమే. జూలై, ఆగస్టు నెలల్లో పచ్చిగా వేలాడే కాయలకు సన్నటి నూగు ఉంటుంది. ఒలిస్తే లోపల వరుసగా గింజలు. చెట్టు చిన్నది, కొమ్మలు కిందికి వంగుతాయి, కాయ పిల్లల చేతికి అందుతుంది. ఎండిన కాయలు చలికాలమంతా చెట్టును పట్టుకుని ఉండి, తొక్క మెలితిరిగి పగిలి నల్లటి గింజలను కిందికి రాలుస్తాయి. ఈ ప్రమాదం విషం బలంలో లేదు. కాయ రూపంలో, అది వేలాడే ఎత్తులో ఉంది. లెక్కలు చెప్పి దీన్ని కొట్టిపారేయడం అన్యాయం.

దీనికి నా దగ్గర ఉన్న జవాబు సగం జవాబే. లిల్లీ ఆఫ్ ది వ్యాలీకి కూడా శరదృతువులో ఎర్రటి పళ్లు కాస్తాయి. ఇక్కడి కంచెల మొదళ్లలో తనంతట తానే మొలిచే ఆరం మొక్కకు ఎండాకాలం చివర్లో, సరిగ్గా రెండేళ్ల పిల్ల చేతికందే ఎత్తులో, నారింజ రంగు పళ్ల కంకి నిలబడుతుంది. కొరికితే నోరంతా మంట. కాయను చూసి ఆశపడే వయసు పిల్లలకు ప్రమాదం ఒక్క చెట్టు దగ్గరే లేదన్నది ఈ జవాబులోని సారం. "అయితే వాటినీ తీసేస్తాను" అందామె. తీసేసింది కూడా, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుబురు మరుసటి వారానికి లేదు. యూ కంచె పక్కింటివారిది గనుక ఉంది. ఆమె చేసిన పనిలో తర్కం ఉంది, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ అదే తర్కాన్ని పట్టుకుని వీధంతా నడిస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. డాఫొడిల్ పూల మొక్కల దుంపలను ఉల్లిపాయలనుకుని వండుకున్నవారున్నారు. ఎవరి తోటలో ఎవరు ఏం తీసేయాలన్నది వారి ఇష్టం; రెండేళ్ల బిడ్డ ఉన్న తల్లి నిర్ణయం మీద పైనుంచి మాట్లాడే అర్హత నాకు లేదు. వీధి ఉమ్మడి స్థలంలో ఉన్న చెట్టు సంగతి వేరు. అక్కడ ఆ నిర్ణయం ఒక బిడ్డ రెండేళ్ల వయసు దాటాక కూడా దశాబ్దాల పాటు అందరి మీదా ఉంటుంది. పిల్లలకు నాలుగైదేళ్లు వచ్చేసరికి ఏది తినకూడదో చెప్పడానికి చూపించే చెట్టంటూ ఒకటి ఉండాలి కదా. అది లేకపోతే పాఠం ఏ మొక్క దగ్గర మొదలుపెడతాం?

రెండు వారాల పూత

ఇక అందం సంగతి. ఇక్కడ నాకు అనుమానాలు ఎక్కువ. చల్లటి ఏడాదైతే పూత మూడు వారాలు నిలుస్తుంది. ఎండ ముదిరినా, గాలివాన వచ్చినా పది రోజుల్లో గుత్తులన్నీ పాలిపోతాయి. జూన్ సగం దాటాక లాబర్నం ఒక మామూలు చెట్టు. ఆకుల్లో పురుగు సొరంగాలు తొలిచి గోధుమరంగు మచ్చలు పెడుతుంది. చలికాలంలో ఎండుకాయలు వేలాడుతూ చెట్టు మాసినట్టు కనబడుతుంది. ఆయుష్షు కూడా తక్కువ. ఓక్ లాగా తరతరాలు నిలిచేది కాదు, ముప్ఫై నలభై ఏళ్లకే కొమ్మలు వాలి, ఊతకర్రలు అడుగుతుంది. చిన్న తోటలో ఒక్క చెట్టుకే చోటున్నప్పుడు, వసంతంలో పూసి శరత్తులో పళ్లతో, రంగు మారిన ఆకులతో మళ్లీ కనువిందు చేసే రోవన్‌ను వదిలి దీన్ని ఎందుకు నాటాలి? తోటపని తెలిసినవారు అడిగే ఈ ప్రశ్నకు విషం గురించిన ప్రశ్న కన్నా బరువు ఎక్కువ.

నేను చూసిన మేరకు దీనికి జవాబు ఆ పూత వచ్చే సమయంలో ఉంది. చెర్రీలు, ఆపిల్ పూత ముగిసి, గులాబీలు ఇంకా విచ్చుకోని వ్యవధి ఒకటి మే చివర్లో వస్తుంది. చెట్ల మీద పచ్చదనం తప్ప మరో రంగు తక్కువగా ఉండే ఆ రోజుల్లో లాబర్నం పూస్తుంది. పైగా ఆ పసుపు నేల మీద కాకుండా తలపైన, ఆకాశానికి అడ్డంగా, వేలాడుతూ ఉంటుంది. ఇక్కడి వాతావరణంలో అలా తలపైన పసుపు పూత పట్టే చెట్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కూడా లేవు.

దీన్ని నమ్మనివారు ఉత్తర వేల్స్‌లోని బోడ్నంట్ తోటకు వెళ్లి చూడవచ్చు. 1880లలో అక్కడ నాటించిన లాబర్నం పందిరి 55 మీటర్ల పొడవున సొరంగంలా సాగుతుంది. మే చివర, జూన్ మొదట్లో దాని కింద నడవడానికి జనం వరుసకడతారు. మేము వెళ్లిన రోజున మా ముందు ఒక కుటుంబం తోపుడు బండిలో పసిబిడ్డతో నడుస్తోంది. తండ్రి బిడ్డను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. బిడ్డ రెండు చేతులతో ఒక గుత్తిని పట్టుకుని నలిపింది. తల్లి ఫొటో తీసింది. కాయల కాలం కాదు గనుక ప్రమాదం పెద్దగా లేదనుకోండి. పువ్వు కూడా విషమేనన్న మాట అక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఇంటి ముందు ఒక్క చెట్టుంటే భయపడేవారు, అలాంటి చెట్లు వరుసగా పెనవేసి పెంచిన చోటికి టిక్కెట్టు కొనుక్కుని పిల్లలతో వస్తున్నారు. తోటను చూసుకునే సంస్థ మీద నమ్మకం ఉంది. పక్కింటివాడి మీద, తమ మీద తమకు లేదు. నన్నడిగితే అది తలకిందులు వ్యవహారం. ఏడాదికొకసారి చూసే పందిరి కన్నా రోజూ పక్కన నడిచే చెట్టు గురించి మనకు ఎక్కువ తెలుస్తుంది.

పందిళ్ల మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. గ్లోస్టర్‌షైర్‌లోని బార్న్‌స్లీ హౌస్‌లో తోటల రూపకర్త రోజ్‌మేరీ వెరీ వేసిన లాబర్నం నడవా, కింద ఊదారంగు ఆలియం పూలతో కలిపి, ఎన్ని పత్రికల్లో, ఎన్ని పుస్తకాల్లో ఫొటోలుగా వచ్చిందో లెక్కలేదు. అది అందమైన ఊహ. కానీ ఆ ఫొటోల వల్ల లాబర్నం అంటే పెద్ద తోటల్లో, ఇనుప చట్రాల మీద, తోటమాలులు ఏటా శీతకాలంలో కత్తిరించి కట్టి నిలిపే వస్తువని జనానికి ఒక అభిప్రాయం ఏర్పడింది. రెండు ప్రపంచయుద్ధాల మధ్య కట్టిన శివారు వీధుల్లో ఈ చెట్టు సాదాసీదా ఇళ్ల ముందు ఉండేది. లాబర్నం గ్రోవ్, లాబర్నం అవెన్యూ అన్న వీధి పేర్లు దేశమంతటా కనబడతాయి. మా పట్టణంలోనూ ఆ పేరుతో ఒక వీధి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చెట్టు ఒక్కటీ కనబడలేదు. పశ్చిమ వేల్స్‌లో కెరెడిజియన్ వైపు పాత పొలం కంచెల్లో మాత్రం ఇది ఇప్పటికీ ఏ ఆర్భాటమూ లేకుండా హాథార్న్ ముళ్ల చెట్ల పక్కన పూస్తూ ఉంటుంది.

మైదానంలో చెట్లు కొట్టిన రోజు సాయంత్రం మొద్దును చూశాను. అంచున లేత పసుపు చెక్క వలయం, లోపలంతా ముదురు గోధుమ రంగు చేవ. ఈ చేవ గట్టిదనానికే స్కాట్లండులో వెనకటికి బ్యాగ్‌పైపులు అనే ఊదే వాయిద్యాలు దీనితో చేసేవారు. ఉష్ణదేశాల నుంచి నల్లచెక్క దిగుమతి అయ్యాక ఆ వాడకం తగ్గింది. మా మొద్దులను మాత్రం యంత్రంలో వేసి పొట్టు చేసి పట్టుకుపోయారు.

నాటేవారికి

విషం భయానికి నర్సరీలవారు చూపే పరిష్కారం వోసీ అనే రకం. సాధారణ లాబర్నాన్నీ ఆల్పైన్ లాబర్నాన్నీ కలిపిన సంకరంలో ఎంపిక చేసిన రకమిది. గుత్తులు రెండడుగుల దాకా పెరుగుతాయి, కాయలు చాలా తక్కువగా పడతాయి, పడినవాటిలో గింజలు కూడా తక్కువే. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దీనికి యోగ్యతా పురస్కారం ఇచ్చింది. ఆ అమ్మాయి ప్రశ్నకు ఇంతవరకు ఉన్న మంచి జవాబు ఇదే. మైదానంలోని చెట్లు వోసీ అయి ఉంటే నా పని సులువయ్యేది. అవి కాయలు విరగకాసే పాత రకం. అయితే వోసీని "విషం లేని లాబర్నం" అని ఎవరైనా చెప్తే నమ్మకూడదు. తగ్గినవి కాయలు మాత్రమే, చెట్టులో విషం అలాగే ఉంది. పైగా దీన్ని అంటుకట్టి అమ్ముతారు. అంటు కింది నుంచి వచ్చే పిలకలు సాధారణ లాబర్నానివి. వాటిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే కొన్నేళ్లకు చెట్టు సగం కాయలతో నిండుతుంది, యజమాని మాత్రం తనది కాయలు కాయని రకమనుకుంటూ ఉంటాడు.

వింతలు ఇష్టపడేవారికి ఆడమ్ లాబర్నం అనేది ఒకటి ఉంది. 1825లో పారిస్ దగ్గర విట్రీలో ఆడమ్ అనే నర్సరీ యజమాని లాబర్నం మీద ఊదారంగు బ్రూమ్ మొక్కను అంటుకడితే, అంటు దగ్గర రెండింటి కణజాలమూ కలిసిన కొమ్మ ఒకటి పుట్టింది. పైపొర బ్రూమ్‌ది, లోపలంతా లాబర్నం. ఒకే చెట్టు మీద పసుపు గుత్తులు, ఊదా పూలు, మట్టిరంగు కలిసిన గులాబీ గుత్తులు మూడూ పూస్తాయి. 1868లో డార్విన్ కూడా దీని గురించి వివరంగా రాశాడు. వృక్షశాస్త్రంలో దీని స్థానం గొప్పది. కంటికి మాత్రం ఆ మట్టిరంగు గుత్తులు వాడిపోయినవేమో అనిపిస్తాయి. నా తోటలో దానికి చోటివ్వను.

నాకు నిజంగా ఇష్టమైనది ఆల్పైన్ లాబర్నం. సాధారణ రకం కన్నా రెండు వారాలు ఆలస్యంగా పూస్తుంది, గుత్తులు సన్నగా పొడుగ్గా ఉంటాయి, సువాసన ఉంటుంది. దాని కాయలకు నూగు ఉండదు, వెన్ను వెంట పలచటి అంచు ఉంటుంది. అయినా పిల్లలు తిరిగే ఇంటి ముందు నాటమని అడిగితే వోసీనే నాటమంటాను, కాయల దృష్ట్యా. పూత అవగానే చేతికందిన గుత్తులను కాయ కట్టకముందే కత్తిరించేయాలి. చిన్న చెట్టుకు ఇది ఒక సాయంత్రం పని. కొమ్మలు కత్తిరించేది వేసవి చివరి నుంచి నడి శీతకాలంలోపే; వసంతంలో కోస్తే గాయం నుంచి నీరు కారుతుంది. కింది కొమ్మలను మొదట్నుంచీ ఎత్తి పెంచితే మాను శుభ్రంగా ఉండి, కాయలు పిల్లల చేతికి అందవు. నర్సరీ బడి ఆవరణలో, ఇసుకగుంట పక్కన కొత్తగా నాటమని నేను ఎప్పుడూ అనను. చెరువు మీదికి, ఇసుకగుంట మీదికి వంగే చోట్ల ఇప్పటికే ఉన్న చెట్టును తీయమంటే కూడా అడ్డుచెప్పను.

గుర్రాలు, పశువులు మేసే పొలం గట్టున ఉన్న చెట్టు గురించి మాత్రం నా వాదన అంతా వెనక్కి తీసుకోవలసిందే. ఆకు, బెరడు, కాయ ఏది నమిలినా వాటికి ప్రమాదమే, పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. పేరు నేర్పి జాగ్రత్త చెప్పే పద్ధతి అక్కడ సాగదు గనుక కంచెను లోపలికి జరపాలి, స్థలం లేకపోతే చెట్టునే తీసేయాలి.